1731 మే నెలలో పెళ్లి, 1731 ఫిబ్రవరిలో బిడ్డ: మసాచుసెట్స్ పాత పత్రాలను ఎలా చదవాలి?

ప్రశ్న: సీతమ్మధార అమ్మమ్మ

నమస్కారం. విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి ప్రస్తుతం విశ్రాంతిగా ఉన్నాను. మా అమ్మాయి అమెరికాలో స్థిరపడి, మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన అబ్బాయిని వివాహం చేసుకుంది. తొమ్మిదేళ్ల మా మనవడు తనకు రెండు వైపుల వంశవృక్షాలూ కావాలని పట్టుబట్టాడు. మా వైపు ఏడు తరాల పేర్లు రాసి ఇవ్వగలిగాను. తద్దినం నాడు చెప్పుకునే మూడు తరాల పేర్లకు పైనున్న నాలుగూ మా తాతగారి పెట్టెలోని ఇనాం కాగితంలో దొరికాయి. వియ్యపురాలు తమ ఇంటి పాత కాగితాల నకళ్లన్నీ పంపించడంతో అల్లుడి వైపు పని కూడా నా చేతికే వచ్చింది. పరాయి వంశం కదా అని పైపైన చూసి వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ పిల్లవాడికి ఆ తాతలూ తాతలే.

ఇప్పుడు జీవించి ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఆ కుటుంబం 1600ల నుంచి ఎసెక్స్ కౌంటీలోని ఇప్స్‌విచ్ పట్టణంలో ఉండేది. 1750 ప్రాంతంలో జాన్ అనే ఆయన భార్య హన్నాతో, పిల్లలతో పడమట ఉన్న ఊస్టర్ కౌంటీకి తరలివెళ్లాడు. ఆయన నుంచి మా అల్లుడి వరకు ప్రతి తరానికీ పత్రం ఉంది. ఆయనకు పైన మాత్రం అంతా మసకగా ఉంది.

మొదటి చిక్కు చెప్పడానికి కొంత సంకోచంగానే ఉంది. వారి కుటుంబ బైబిలు ముందు పేజీలో జాన్, హన్నాల వివాహం 1731 మే నెలలో జరిగినట్టు రాసి ఉంది. ఇప్స్‌విచ్ పట్టణ రికార్డులో వారి పెద్ద కుమారుడి పుట్టిన తేదీ 1731 ఫిబ్రవరి 24. అంటే పెళ్లికి మూడు నెలల ముందు. వియ్యపురాలు చాలా నొచ్చుకుని, ఆ కాగితాన్ని పిల్లవాడికి చూపవద్దని కోరారు. అయితే మరొక నకలులో అదే తేదీ "1731/2" అని ఉంది. రాసిన గుమాస్తాకు సంవత్సరం విషయంలో అనుమానం కలిగి అలా రాశాడా, లేక దీనికి వేరే అర్థం ఉందా?

ఇక రెండవది. ఆ పట్టణంలో అదే ఇంటిపేరుతో ముగ్గురు జాన్‌లు కనిపిస్తున్నారు: ఒక పెద్ద జాన్, ఆయనకు 1704లో పుట్టిన కుమారుడు జాన్, శామ్యూల్ అనే వేరొకాయనకు 1708లో పుట్టిన జాన్. మన జాన్ పేరు పక్కన ఒక పత్రంలో "జూనియర్" అని ఉన్నందువల్ల, అంతర్జాలంలో నేను చూసిన వంశవృక్షాలన్నీ ఆయనను పెద్ద జాన్ కుమారుడిగానే చూపుతున్నాయి. ఒకదానిలో ఆయన పేరు జొనాథన్‌గా కూడా మారింది. హన్నా పుట్టింటి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆడపిల్ల పుట్టింటి పేరు కాగితాల్లో కనబడకుండా పోవడం మనకూ అలవాటైన విషయమే గాని, మనవడు "ఈమె ఎవరి అమ్మాయి?" అని అడుగుతున్నప్పుడు ఖాళీ గడి చూపడానికి మనసొప్పడం లేదు.

వీటితోపాటు 1900 ప్రాంతంలో అచ్చయిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. అందులో రంగుల్లో వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) వేసి, వంశాన్ని ఒక ఆంగ్ల ప్రభువు దగ్గరికి తీసుకెళ్లారు. దానిని నమ్మవచ్చునా?

జవాబు: మహారాణిపేట చరిత్ర మాస్టారు

అమ్మా, ముందుగా మీ వియ్యపురాలిగారికి ధైర్యం చెప్పండి. ఆ బిడ్డ పెళ్లయిన తొమ్మిది నెలలకే పుట్టాడు.

ఇంగ్లండులోనూ దాని వలస రాజ్యాల్లోనూ 1752 వరకు జూలియన్ పంచాంగమే నడిచింది. ఆ లెక్కలో సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న మారేది. ఉగాదికి సంవత్సరం మార్చుకునే మనకు ఇది ఇతరులకంటే తేలికగా బోధపడుతుంది. 2024 జనవరిలో పుట్టిన బిడ్డ జాతకంలో శోభకృత్ నామ సంవత్సరమనే రాస్తారు. క్రోధి నామ సంవత్సరం ఆ ఏప్రిల్ 9న గాని మొదలుకాలేదు. అదే విధంగా, 1731 మే తరువాత వచ్చిన ఫిబ్రవరి కూడా ఇప్స్‌విచ్ గుమాస్తాకు 1731లోనిదే. జనవరి 1తోనే సంవత్సరం మొదలుపెట్టే అలవాటు కూడా అప్పటికే ప్రజల్లో ఉండటంతో, జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న తేదీలకు జాగ్రత్తపరులు రెండు సంవత్సరాలనూ కలిపి "1731/2" అని రాసేవారు. మన లెక్కలో అది 1732. జార్జ్ వాషింగ్టన్ పుట్టిన తేదీ కూడా ఆనాటి లెక్కలో 1731/2 ఫిబ్రవరి 11. ఈనాడు దానినే 1732 ఫిబ్రవరి 22గా జరుపుకుంటున్నారు.

ఆ పదకొండు రోజుల తేడా 1752 సెప్టెంబరులో సర్దుబాటయింది. ఆ నెల 2వ తేదీ మర్నాడు 14వ తేదీ వచ్చింది. అయితే మీరు ఆ పదకొండు రోజులనూ కలిపి తేదీలను మార్చవద్దని నా సలహా. పత్రంలో ఉన్నది ఉన్నట్టుగా "1731/2 ఫిబ్రవరి 24" అని రాసి, పక్కన పాత లెక్క అని సూచించండి. కలిపినవారు ఒకరు, కలిపినదానికే మళ్లీ కలిపినవారు మరొకరు అయి, ఒకే మనిషికి మూడు పుట్టినరోజులు తయారైన వృక్షాలు నేను చూశాను. నెలలను అంకెలతో రాసినచోట కూడా జాగ్రత్త అవసరం. 1752కు ముందు "మొదటి నెల" అంటే మార్చి, "పన్నెండవ నెల" అంటే ఫిబ్రవరి.

ఇది ఎక్కడో దూరదేశపు పద్ధతి మాత్రమే కాదు. మన విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కోఠీ (వర్తక స్థావరం) 1682లో ఏర్పడింది. మద్రాసు సెయింట్ జార్జి కోట దినచర్య పుస్తకాల్లో ఆనాటి జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఇదే జంట సంవత్సరం కనిపిస్తుంది. 1687 నుంచి 1692 వరకు ఆ కోటకు గవర్నరుగా ఉన్న ఎలైహు యేల్ పుట్టినది 1649లో, మీరు వెదుకుతున్న మసాచుసెట్స్‌లోని బోస్టన్‌లోనే. అందుచేత 1752కు ముందటి కంపెనీ ఉత్తరాలు చదివే మన చరిత్ర విద్యార్థులకూ ఈ లెక్క తెలిసి ఉండాలి.

జవాబు: గాజువాక నుంచి ఊస్టర్‌కు

మేడమ్, నేను పుట్టి పెరిగినది గాజువాకలో. పదహారేళ్లుగా ఊస్టర్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడి పొరుగువారి కుటుంబాల కోసం ఇలాంటి వెదుకులాట కొంత చేసిన అనుభవంతో రాస్తున్నాను.

"జూనియర్" అన్న మాటను ఈనాటి అర్థంలో తీసుకోకండి. ఆ రోజుల్లో ఒకే పట్టణంలో ఒకే పేరుగల ఇద్దరుంటే పెద్దవాడు సీనియర్, చిన్నవాడు జూనియర్, అంతే. వారు తండ్రీకొడుకులు కావచ్చు, పినతండ్రీ కొడుకూ కావచ్చు, ఏ బంధుత్వమూ లేనివారూ కావచ్చు. పెద్దవాడు చనిపోతే లేదా ఊరు విడిచి వెళితే, నిన్నటి జూనియరే సీనియర్ అవుతాడు. అందువల్ల శామ్యూల్ కుమారుడైన జాన్‌ను కూడా జూనియర్ అని పిలిచే అవకాశం పూర్తిగా ఉంది. బంధుత్వాన్ని తెలిపే ఇతర పదాలూ ఇంతే. "కజిన్" అన్నచోట మేనల్లుడు ఉండవచ్చు, "మదర్-ఇన్-లా" అన్నచోట సవతి తల్లి ఉండవచ్చు. వీలునామాలో "నా ఇప్పటి భార్య" అన్నంత మాత్రాన అంతకుముందు మరొక భార్య ఉన్నట్టు కాదు.

జొనాథన్ సంగతి కేవలం సంక్షిప్తాక్షరాల పొరపాటు. పాత ఆంగ్ల రాతలో జాన్‌ను జే, ఎన్, ఓ అనే మూడు అక్షరాలతో కుదించి రాసేవారు. అది తెలియనివారు దానిని జొనాథన్ అని విప్పుతారు. మన పాత కాగితాల్లో "మ.రా.రా.శ్రీ" అన్నది మహారాజరాజశ్రీ అని తెలియనివాడు చదివితే ఏమవుతుందో ఆలోచించండి. గొలుసుకట్టు రాత చదివిన మీకు ఈ రాత నెలరోజుల్లో అలవాటవుతుంది.

ఇక మనిషిని మనిషి నుంచి వేరుచేయడం. 1850 నుంచి జనగణనలో స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరూ రాశారు కాబట్టి పని తేలిక. 1790లో జరిగిన మొదటి జనగణనలో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంది. మీ జాన్ కాలానికి అది కూడా లేదు. ఒక్కొక్క జాన్‌కు ఒక్కొక్క కాగితం తీసుకుని, దొరికిన ప్రతి పత్రం నుంచి వృత్తి, భార్య పేరు, పొలం సరిహద్దు రైతులు, సంతకమా వేలిగుర్తులాంటి గుర్తా అన్నవి రాసుకుంటూ పోవాలి. పేరు కలిసినంత మాత్రాన ఏ పత్రాన్నీ మీ జాన్ కాగితంలో చేర్చవద్దు. నేను మొదటిసారి చేసిన పెద్ద తప్పు అదే. ఏడాది శ్రమ చేసి ఎవరి తాతలనో ఎవరికో అంటగట్టాను, ఆ కుటుంబానికి తప్పు చెప్పి క్షమాపణ కోరవలసి వచ్చింది.

వలస విషయానికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఆధారం ఉంది. న్యూ ఇంగ్లండు పట్టణాలు తమ ఊరి పేదలను తామే పోషించవలసి ఉండేది. కొత్తగా వచ్చినవారి భారం తమపై పడకుండా, "మీరు ఈ ఊరి నివాసులు కారు, వెళ్లిపోండి" అని వారికి తాఖీదు ఇచ్చి, దానిని కౌంటీ కోర్టులో నమోదు చేయించేవారు. చాలామంది వెళ్లేవారు కాదు. అది చట్టపరమైన జాగ్రత్త మాత్రమే. మనకు కావలసినదేమిటంటే, ఆ తాఖీదులో తరచుగా భార్యాపిల్లల పేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారో కూడా ఉంటాయి. ఊస్టర్ కౌంటీకి 1737 నుంచి 1788 వరకు ఉన్న తాఖీదులు లభిస్తున్నాయి. చర్చి పుస్తకాలు కూడా చూడండి. ఊరు మారిన సభ్యులు పాత చర్చి నుంచి విడుదల లేఖ తెచ్చుకుని కొత్త చర్చిలో చేరేవారు. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా మాత్రం భావించకండి. తల్లి లేదా తండ్రి చర్చిలో చేరిన రోజున నలుగురైదుగురు పిల్లలకు ఒకేసారి బాప్తిస్మం ఇచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

పట్టణ పుస్తకాల్లో పశువుల చెవి గుర్తులు కూడా నమోదయ్యేవి. ఒక కుటుంబం గుర్తు తండ్రి తర్వాత కొడుకుకు బదిలీ అయినట్టు రాసిన చోట్లు ఉంటాయి. వంశం కోసం వెదికేవారిలో చాలామంది ఆ పేజీలను తిప్పేస్తారు.

జన్యు పరీక్ష గురించి ఎవరైనా చెబితే, ఈ ప్రశ్నకు అది పనికిరాదని గుర్తుంచుకోండి. ఇద్దరు జాన్‌లూ ఒకే తాతకు మనవలైతే, మగ సంతతిలో వచ్చే వై క్రోమోజోమ్ ఇద్దరికీ దాదాపు ఒకటే.

హన్నా విషయంలో, పెళ్లి ఆమె పుట్టినూరిలో జరిగి ఉండవచ్చు. వివాహానికి ముందు చేసే ప్రకటన వరుడి ఊరిలోనూ వధువు ఊరిలోనూ నమోదయ్యేది కనుక, ఇప్స్‌విచ్ చుట్టుపక్కల ఉన్న రౌలీ, టాప్స్‌ఫీల్డ్, వెన్‌హామ్ పట్టణాల పుస్తకాలు తప్పక చూడండి. మసాచుసెట్స్ పట్టణాల 1850 వరకు ఉన్న జనన, వివాహ, మరణ రికార్డులు చాలావరకు అచ్చయ్యాయి, ఇంటి నుంచే చదువుకోవచ్చు.

జవాబు: భీమిలి దస్తావేజు లేఖరి

అమ్మా, అమెరికా చరిత్ర గురించి నాకు పెద్దగా తెలియదు. దస్తావేజులు రాయడం మాత్రం నలభై ఏళ్ల వృత్తి. మా మేనల్లుడి సాయంతో ఎసెక్స్ కౌంటీ పాత దస్తావేజులు కొన్ని చూశాను. భాష వేరైనా పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు.

మనం ఒక స్థలం కొనేటప్పుడు లింకు దస్తావేజులు ఎందుకు అడుగుతాం? అమ్మేవాడికి హక్కు ఎలా వచ్చిందో తెలియాలి కాబట్టి. వారి దస్తావేజుల్లోనూ "నా పూజ్య తండ్రి మరణానంతరం నాకు సంక్రమించిన భాగము" అని వివరించే చోట్లు ఉన్నాయి. ఒక తండ్రికి ఒక కొడుకు అని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు, ఎందుకంటే అక్కడ అబద్ధమాడితే కొన్నవాడు ఊరుకోడు.

మీ జాన్ ఊరు మారాడు గనుక రెండు దస్తావేజుల కోసం వెదకండి. కొత్త ఊరిలో మొదటి కొనుగోలు దస్తావేజులో కొనేవాడి నివాసం పాత ఊరిదే ఉండే అవకాశం ఎక్కువ. అలాగే వెళ్లిన తర్వాత పాత ఊరిలోని భూమిని అమ్మితే, "పూర్వము ఇప్స్‌విచ్ వాస్తవ్యుడు, ప్రస్తుతము ఫలానా ఊరి నివాసి" అని రాస్తారు. ఆ రెండవది భూమి ఉన్న కౌంటీలోనే నమోదవుతుంది కనుక ఎసెక్స్ పుస్తకాల్లోనే చూడాలి. మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో పేర్లకు ఇండెక్స్-1, ఆస్తులకు ఇండెక్స్-2 ఉంటాయి. వారికి ఆ కాలానికి అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక మాత్రమే ఉన్నాయి. వారసులందరూ కలిసి అమ్మితే సూచికలో మొదటివాడి పేరు ఒక్కటే ఉండి, మిగిలినవారు "మరికొందరు" అన్నమాట కింద మరుగునపడే ప్రమాదం ఉంది. మీ జాన్ పేరు సూచికలో లేదని వదిలేయకుండా, అన్నదమ్ముల పేర్లు, బావమరుదుల పేర్లు కూడా చూడండి.

హన్నా పుట్టింటి పేరు కూడా అక్కడే దొరకాలి. ఆమె తండ్రి పోయిన తర్వాత ఆడపిల్లలు తమ భాగాలను అమ్మినప్పుడు భర్తలు కూడా సంతకం చేయాలి. "జాన్, అతని భార్య హన్నా" అని వేరే ఇంటిపేరుగల వారసుల మధ్య కనిపిస్తే, ఆ ఇంటిపేరే ఆమె పుట్టింటిది. మగవాడి కాగితాల్లో ఆమె కోసం వెదికితే దొరకదు. ఆమె తండ్రి కాగితాల్లో వెదకాలి. చెక్కుబందీలో ఉత్తరానికి, దక్షిణానికి ఎవరి పొలాలున్నాయో, సాక్షులు ఎవరో కూడా వదలకండి. మన ఊళ్లలో పొలం గట్టు పక్కన పొలం ఎవరిదో చూస్తే వియ్యాలు సగం తెలుస్తాయి.

సీతమ్మధార అమ్మమ్మ

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మాస్టారుగారి ఉగాది ఉదాహరణను ఆంగ్లంలో వివరించి పంపగానే, వియ్యపురాలు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ఆ కాగితం ఇప్పుడు మనవడి దగ్గరే ఉంది.

ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో చేతిరాత దస్తావేజుల లోపలి మాటలను కూడా వెదికే సదుపాయం 2024 నుంచి ఉచితంగా ఉన్నదని మా అమ్మాయి చూపించింది. 1752 నాటి దస్తావేజు ఒకటి దొరికింది. అందులో జాన్, పూర్వం ఇప్స్‌విచ్ వాస్తవ్యుడు, కార్డ్‌వైనర్, అంటే బూట్లు కుట్టే వృత్తివాడు, "నా పూజ్య తండ్రి శామ్యూల్" మరణానంతరం తనకు వచ్చిన భాగాన్ని అమ్ముతున్నట్టు ఉంది. కింద హన్నా తన గుర్తు వేసింది. పెద్ద జాన్ కుమారుడు ఇప్స్‌విచ్‌లోనే ఉండి 1761లో చనిపోయాడు. ఆయన భార్య పేరు వేరు. వృక్షాలన్నీ ఎక్కించిన తండ్రి, మన జాన్ తండ్రి కాదు.

ఆ దారినే శామ్యూల్ ప్రొబేట్ కాగితాలు, అంటే చనిపోయినవారి ఆస్తి పంపకానికి కోర్టులో దాఖలైన పత్రాలు, కూడా తీశాను. వీలునామా లేకుండా చనిపోయినందున భార్య మూడో వంతు పోగా మిగిలిన ఆస్తిని ఐదుగురు పిల్లలకు ఆరు భాగాలు చేసి, పెద్ద కుమారుడికి రెండు ఇచ్చారు. అయితే ఆస్తి జాబితాలో నన్ను నిలిపివేసిన పంక్తి ఒకటి ఉంది. రెండు ఎద్దులు, ఒక నాగలి, వాటి తర్వాత ఒక నీగ్రో స్త్రీ, ఒక్క పేరు, పక్కన వెల. నేను ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. తొమ్మిదేళ్ల పిల్లవాడి వంశవృక్షంలో ఈ విషయం రాయాలా?

జవాబు: గాజువాక నుంచి ఊస్టర్‌కు

మేడమ్, రాయండి. మసాచుసెట్స్‌లో 1641 నుంచే బానిసత్వానికి చట్టంలో చోటు ఉంది. 1783లో న్యాయస్థానం తీర్పుతో అది నిలబడలేకపోయింది. దక్షిణాది రాష్ట్రాల సంగతి అనుకుని ఇక్కడి కుటుంబాలు తరచుగా ఆ పేజీని తిప్పేస్తాయి. ఆ స్త్రీకి సంతానం ఉంటే, వారి వారసులు ఈనాడు ఆమెను వెదకడానికి ఉన్న దారి, యజమాని ఇంటి జాబితాలో ఆ ఒక్క పేరే. జాబితా తేదీ, పుస్తకం, పుట సంఖ్య, పేరు ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా నమోదు చేయండి. పంపకంలో ఆమె ఎవరి భాగానికి వెళ్లిందో కూడా చూసి రాయండి. తర్వాత వెదికేవారికి దారి తెలుస్తుంది.

అచ్చుపుస్తకం గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తాను. ఆంగ్ల చట్టం ప్రకారం అలాంటి వంశచిహ్నం ఒక వ్యక్తికీ అతని వారసులకూ చెందుతుంది, ఇంటిపేరుకు కాదు. పైగా ఆ కాలంలో సంపన్న కుటుంబాలకు కోరిన పూర్వీకులను తయారుచేసి ఇచ్చినవారు ఉన్నారు. స్వీడన్ నుంచి వచ్చిన గుస్తావ్ ఆంజూ అనే ఆయన డబ్బు తీసుకుని వంశావళులు కల్పించినందుకు పేరుమోశాడు, 1942లో చనిపోయాడు. మీ పుస్తకం అలాంటిదని నేను అనడం లేదు. అందులోని ప్రతి పేరుకూ ఆ కాలపు పత్రం దొరికేవరకు దానిని విడిగా ఉంచండి.

సీతమ్మధార అమ్మమ్మ

అలాగే చేశాను. పంపకం కాగితంలో ఆమె శామ్యూల్ భార్యకు వచ్చిన మూడో వంతులోకి వెళ్లినట్టు ఉంది. మనవడు ఆ పేరును వృక్షం పక్కన వేరే గడిలో తన చేతిరాతతో రాసి, కింద పుట సంఖ్య వేశాడు. వెల రాయనన్నాడు. హన్నా పుట్టింటి గడి ఇంకా ఖాళీగానే ఉంది. రౌలీ పుస్తకం పూర్తయింది, అందులో లేదు. సోమవారం నుంచి టాప్స్‌ఫీల్డ్ మొదలుపెడుతున్నాను. అక్కడ కూడా కనిపించకపోతే, లేఖరిగారు చెప్పినట్టు చుట్టుపక్కల పట్టణాల్లో 1731 తర్వాత చనిపోయిన తండ్రుల పంపకాలన్నీ ఒక్కొక్కటిగా చూస్తాను.